రెండు చెవుల కప్పు

ఆదివారం ఉదయం లేస్తూనే కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఇంటికి ఇద్దరు వస్తారు. వాళ్లకు టీ ఇవ్వాలి. వాళ్లు ఆ టీ తాగి వెళ్లేదాకా నాన్న కప్పుల గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మొదటి రెండూ ఏ ఇంట్లోనైనా జరిగేవే. మూడోది జరగాలంటే మాత్రం పొద్దున్నే మొదలుపెట్టాలి.

ఆమె తండ్రిని వీధిలో అందరూ ఓడాయన అంటారు. ఆయన ఓడ నడిపినవాడేమీ కాదు. సరుకుల ఓడలో సామాను గది చూసుకునేవాడు. పిండి బస్తాలు, సబ్బులు, తాళ్లు, దీపాలు ఏ మూల ఉన్నాయో చెప్పగలిగిన మనిషి ఆ ఓడ మొత్తానికి ఆయనొక్కడే. రేవులో ఆగిన ప్రతిచోటా మిగతావాళ్లు సెంట్లు, గడియారాలు కొనుక్కుంటే ఆయన తాగే పాత్రలు కొనేవాడు. ఉద్యోగం అయిపోయి ఇల్లు చేరాక వాటన్నిటినీ ముందుగదిలో అద్దాల బీరువాలో సర్దాడు. కొమ్ముతో చేసినది, మట్టిది, చెక్కను తొలిచినది, అరచేతిలో దాక్కునే చిన్నది, మూతి వంకరగా ఉన్నది, ఇలా చాలా ఉండేవి. అవి ఊరికే బీరువాలో ఉంటే ఎవరికీ బాధ లేదు. కానీ ఒక్కోదానికీ ఒక్కో మర్యాద ఉండేది. వచ్చినవాళ్లకు ఆ పాత్రలోనే పోసి, ఆ మర్యాద ప్రకారమే తాగిస్తే గాని ఆయన మనసు కుదుటపడేది కాదు.

అల్లుడు ఒక మందుల దుకాణంలో పనిచేస్తాడు. కిందటేడు తన మేనేజరును భోజనానికి పిలిచాడు. ఓడాయన ఆ పెద్దమనిషి చేతికి కొమ్ము ఇచ్చి, నిండా నిమ్మరసం పోసి, దీన్ని ఖాళీ చేసేదాకా కింద పెట్టకూడదని, అడుగు లేదు కనక పెట్టినా నిలబడదని వివరించాడు. ఖాళీ అవుతున్నకొద్దీ మళ్లీ నింపాడు, ఎందుకంటే ఖాళీ కొమ్ముతో అతిథిని కూర్చోబెట్టడం ఆయనకు చేతకాదు. మేనేజరు ఆ పూటంతా ఒంటి చేత్తో భోంచేసి, ఒంటి చేత్తో చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర కొమ్ము తిరిగిచ్చి వెళ్లిపోయాడు. అల్లుడికి రావలసిన ప్రమోషను కూడా ఆయన వెంటే వెళ్లిపోయింది.

ఈసారి వచ్చేవాళ్లు మేనేజరు కంటే ముఖ్యమైనవాళ్లు.

కొన్నాళ్లుగా ఓడాయన చొక్కాలకు గుండీలు నిలవడం మానేశాయి. ఉతికి ఆరేసినప్పుడు ఉన్న గుండీ సాయంత్రానికి ఉండేది కాదు. దాన్ని కుట్టించుకోవడానికి ఆయన పక్క వీధిలోని కుట్టు కేంద్రానికి వెళ్లేవాడు, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. వచ్చేటప్పుడు కూనిరాగం తీసేవాడు. ఒకరోజు పక్క దులుపుతుంటే దిండు కింద కూతురికి ఒక బ్లేడు, దాని పక్కనే పొందిగ్గా కోసిన గుండీ కనిపించాయి. ఆమె రెండింటినీ ఎక్కడివక్కడ పెట్టేసింది. మర్నాడు చిరిగిన దిండు గలీబు ఒకటి పట్టుకుని తనే కుట్టు కేంద్రానికి వెళ్లింది.

కుట్టు టీచరుగారు భర్త పోయి చాలాకాలమైన మనిషి. అన్నగారింట్లో ఉంటుంది. నెమ్మదైన మాట. గలీబు తిరిగిచ్చేటప్పుడు, మీ నాన్నగారి గుండీలకు ఈసారి గట్టి దారం వేశానమ్మా, అయినా లాభం ఉండదనుకుంటా అంది, నవ్వు దాచుకోకుండా. కూతురికి ఆవిడ నచ్చింది. అమ్మ పోయినప్పటినుంచీ నాన్న భోజనం దగ్గర గోడకేసి చూస్తూ తింటాడు. ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే ఆయన తిండీ బాగుపడుతుంది, గోడకూ విశ్రాంతి దొరుకుతుంది. అందుకే ఆవిడనూ, ఆవిడ అన్నగారినీ ఆదివారం టీకి పిలిచింది.

ఓడాయన పథకం వేరే ఉంది. ఆయన బీరువాలో పైఅరలో అటొకటి ఇటొకటి పిడులున్న రెండు చెవుల కప్పు ఒకటుంది. ఒకానొక దేశంలో పెళ్లినాడు ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని ఆ ఒక్క కప్పులోనే తాగుతారు. ఈ సాయంత్రం ఆ కప్పు తీసి టీచరుగారి ముందు పెడితే ఇక నోటితో అడగాల్సిన పని ఉండదు. అలాంటి మాటలు నోటితో అడగడం ఆయన వల్ల కాదు. పొద్దున్నే స్నానం చేసి, మెత్తటి గుడ్డ ఒకటి తీసుకుని కప్పు తుడుద్దామని ముందుగదిలోకి వచ్చేసరికి బీరువా మీద పూల దుప్పటి కప్పి ఉంది.

"అమ్మాయ్, బీరువాకి చలిజ్వరమా?" అన్నాడు.

"తాళం కూడా వేశాను నాన్నా."

"తాళంచెవి ఏదీ?"

"ఉండాల్సిన చోట ఉంది. ఇవాళ తెల్ల కప్పుల్లో టీ ఇస్తాను. నువ్వు కూడా అందరిలాగే తాగు. వానల గురించి మాట్లాడు, కూరగాయల ధరల గురించి మాట్లాడు. కప్పు అన్న మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు. నా మీద ఒట్టు."

"ఒక్కటేనే. ఒక్కదాన్ని తీసి మళ్లీ పెట్టేస్తాను."

"మేనేజరు కూడా ఒక్క కొమ్మే పట్టుకున్నాడు నాన్నా."

ఓడాయనకు ఆ ఒక్కటీ ఎందుకో చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఒట్టు వేసి, మెత్తటి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తాళంచెవి చక్కెర డబ్బాలో ఉంది. చిటికెన వేలిలో సగం కూడా ఉండదు కనక దాన్ని చక్కెరలో బాగా లోపలికి దూర్చింది కూతురు. నాన్న టీలో చక్కెర వేసుకోడు. మొగుడు ఆదివారం పూట వంటింటి గడప తొక్కడు. ఇల్లు మొత్తం మీద ఇంతకంటే భద్రమైన చోటు లేదని ఆమె లెక్క. ఆ రోజు సాయంత్రం దాకా ఆ లెక్క సరిగ్గానే ఉంది.

అదే సమయంలో టీచరుగారింట్లో ఇంకో పథకం నడుస్తోంది. ఆవిడ అన్నగారు బడిలో డ్రిల్లు మాష్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ పేపరు నిలబడే చదువుతాడు. చెల్లెలి మనసు ఎటుందో ఆయనకు ఎప్పుడో తెలుసు, అభ్యంతరమూ లేదు. ఆయన భయమల్లా ఒకటే. ఆ ఇంట్లో తాగే పద్ధతులు ఏవేవో ఉన్నాయట. తను ఏదైనా తప్పు చేస్తే చెల్లెలి పని చెడుతుంది. అందుకని నేర్పమన్నాడు. ఆవిడ వంటింటి గిన్నెలు ముందు పెట్టుకుని, ఓడాయన గుండీ కుట్టించుకుంటూ చెప్పినవన్నీ చెప్పింది. ఒక ఎడారి దేశంలో ఇక చాలనడానికి నోటితో చెప్పరు, కప్పును అటూ ఇటూ ఊపుతారు. ఇంకో దేశంలో పిడిలేని గిన్నెను రెండు చేతులా పట్టుకుని, దాని అందమైన వైపు తమకేసి ఉండకుండా కొంచెం తిప్పి తాగుతారు. కొమ్మునైతే ఖాళీ చేసేదాకా కింద పెట్టరు.

మాష్టారు వాటిని డ్రిల్లులాగే సాధన చేశాడు. ఒకటి అంటే పట్టడం, రెండు అంటే తిప్పడం, మూడు అంటే తాగడం.

"ఏ కప్పుకి ఏది చెయ్యాలో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు చివర్లో.

"చూస్తే తెలిసిపోతుంది అన్నయ్యా. ఒకదానిలా ఒకటి ఉండవట."

రెండు సంగతులు మాత్రం ఆవిడ అన్నగారికి చెప్పలేదు. ఒకటి రెండు చెవుల కప్పు గురించి. దాని సంగతి చెబుతున్నంతసేపూ ఓడాయన ఆవిడ మొహం వైపు చూడలేక గుండీ వైపే చూశాడు. రెండోది ఎడారి గుడారాల సంగతి. అక్కడ ఏదైనా కోరిక మీద వచ్చిన అతిథి తన ముందు పెట్టిన కప్పును ముట్టుకోడట. అది చూసి ఇంటాయన, నీ కోరికేమిటో చెప్పు, చెప్పి తాగు అనాలట. అన్నగారికి ఆ అవసరం రాదని ఆవిడ ఊరుకుంది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. టీచరుగారు గదంతా ఒకసారి చూసింది. తను ఇన్నాళ్లుగా వింటున్న అద్దాల బీరువా కోసం వెతికింది. ఒక మూల నిలువెత్తున పూల దుప్పటి కనిపించింది. కింద నాలుగు చెక్క కాళ్లు కనిపిస్తున్నాయి కనక అది ఏమిటో తెలిసిపోయింది. తమ కంట పడకుండా కప్పేశారన్నమాట అనుకుంది. అంతలో కూతురు టీ తెచ్చింది. అన్నీ బజారు తెల్ల కప్పులే.

డ్రిల్లు మాష్టారు కప్పులన్నిటినీ వరసగా చూశాడు. చూస్తే తెలిసిపోతుందన్న కప్పులు అచ్చం ఒకేలా ఉన్నాయి. ఏ దేశం అనుకోవాలి? ఇది పరీక్షే అయి ఉంటుంది. ఆయన చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు దుప్పటి వైపు చూస్తోంది. ఏది తప్పో తెలియనప్పుడు అన్నీ చేసేయడమే మంచిదని ఆయన నిశ్చయించుకున్నాడు. కప్పును పిడి వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్క పువ్వయినా లేని ఆ తెల్ల కప్పును శ్రద్ధగా తిప్పాడు. ఒకవేళ కొమ్ము లెక్కలోకి వస్తుందేమోనని కింద పెట్టకుండా గటగటా తాగేశాడు. అది అప్పుడే పొయ్యి మీంచి దిగిన టీ. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాపం, చెల్లెలు వెళ్లిపోతుందని ఇప్పటినుంచే దిగులు పడుతున్నారు అనుకుంది కూతురు. ఆమె గుండె కరిగి ఆయన కప్పు మళ్లీ నింపింది. ఆయన అదీ తాగేసి, ఇక చాలన్నట్టు కప్పును అటూ ఇటూ ఊపాడు.

ఓడాయన ఉలిక్కిపడ్డాడు. ఆ ఊపు ఆయన ఎరుగును. మోచేయి కదలకుండా మణికట్టు ఒక్కటే ఆడాలి. మాష్టారు సరిగ్గా అలాగే ఊపాడు. చాలమ్మా, ఇక పొయ్యకు అని కూతురికి చెప్పబోయాడు. అది చెప్పాలంటే కప్పు సంగతి చెప్పాలి. దగ్గాడు. కూతురు ఆ దగ్గును గుర్తుపట్టి, ఒట్టు మరిచిపోతున్నావా అన్నట్టు కళ్లతోనే హెచ్చరించింది.

"ఈమధ్య వానలు బాగానే పడుతున్నాయి," అన్నాడు ఓడాయన.

వాన పడి చాలా రోజులైంది. కిటికీ బయట రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. టీచరుగారు ఆ దుమ్ము వైపు చూసి, అవునండీ అంది. కుట్టుమిషను పక్కన కూర్చుని తనకు ఏడు సముద్రాలు చూపించిన మనిషేనా ఈయన అనుకుంది. తరువాత ఆయన వంకాయల ధర గురించి కూడా కొంత మాట్లాడాడు. ఆవిడ తన ముందున్న టీ కప్పును ఇంకా ముట్టుకోలేదు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన మనసు మారితే మారి ఉండవచ్చు. కానీ ఒక్కసారి అడిగి చూడాలి. నోటితో అడగడం తన వల్ల కాదు. ఆయనే చెప్పాడుగా గుడారాల సంగతి. ఈ నిండు కప్పు చూసి ఆయన ఒక్కమాట అడిగితే ఉంటాను, అడగకపోతే అన్నయ్యను తీసుకుని వెళ్లిపోతాను అనుకుంది. అనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇక్కడ వంటింటి గుమ్మం దగ్గర కూతురు మొగుడితో గుసగుసలాడుతోంది.

"ఏమండీ, ఆ పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయి. కళ్లంట నీళ్లు కూడాను."

అల్లుడు మందుల దుకాణంలో ఇన్నేళ్లు నిలబడ్డాక తనకు డాక్టరు చదువు ఒక్కటే తక్కువని నమ్ముతాడు. అది నీరసమని, ఒంట్లో చక్కెర తగ్గితే అలాగే వణుకుతారని వెంటనే తేల్చేశాడు. ఏళ్ల తరువాత ఆదివారం పూట వంటింటి గడప దాటి, చక్కెర డబ్బా అందుకుని, చెంచాతో పని లేకుండా ఒక కప్పులోకి నేరుగా ఒంపాడు. దాని మీద టీ పోసి తనే తీసుకెళ్లి మాష్టారి చేతిలో పెట్టాడు.

మాష్టారు నివ్వెరపోయాడు. కప్పు ఊపిన కొద్దీ టీ వస్తోంది. బహుశా సరిగ్గా ఊపలేదేమో. చేతిలోకి వచ్చింది కనక కింద పెట్టకుండా తాగాలి. తాగాడు. అడుగున పాకంలాంటి దానితోపాటు ఏదో గట్టి వస్తువు నాలుక మీదికి వచ్చింది. నాలుకతో తడిమి చూశాడు. ఒకవైపు గుండ్రంగా, ఒకవైపు పళ్లుగా ఉంది. తాళంచెవే. ఇది ఏ దేశపు మర్యాదో చెల్లెలు చెప్పడం మరిచిపోయింది. మింగేది కాదని మాత్రం తెలుస్తోంది. ఉమ్మడం ఏ దేశంలోనూ మర్యాద అయి ఉండదు. తరువాత ఏం చెయ్యాలో ఇంటివాళ్లే చెబుతారని దాన్ని బుగ్గన పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇంకో కప్పు రాకుండా, ఇంకో ఇనప సామాను రాకుండా ఖాళీ కప్పును సాసరు మీద బోర్లించాడు.

అది చూసి ఓడాయన మొహం పాలిపోయింది.

ఒక రేవులోని కల్లుదుకాణంలో ఒకడు తాగిన గ్లాసును బల్ల మీద అలాగే బోర్లించడం ఆయన చూశాడు. ఈ గదిలో నన్ను కొట్టగల మొగాడు ఎవడైనా ఉంటే రండిరా అని దానర్థం. ఆ సంగతి తెలియని వంటవాడు ఒకడు ఆ గ్లాసు తీసి కడగబోయాడు. తరువాత చాలాకాలం గంజి తాగి బతికాడు. ఇప్పుడు ఓడాయనకు అంతా అర్థమైంది. అంత బాగా కప్పు ఊపగలిగినవాడు, వేడి టీ దించకుండా తాగినవాడు ఉత్త డ్రిల్లు మాష్టారు కాడు. ఏవో గట్టి రేవులు చూసిన మనిషే. చెల్లెలి కోసం తనతో తేల్చుకోవడానికే వచ్చాడు. పైగా నోరు కూడా విప్పడం లేదు.

ఓడాయన కొట్లాట మనిషి కాదు. కానీ టీచరుగారి ముందు వెనక్కి తగ్గడం ఇష్టం లేదు. పగిలితే మళ్లీ చేయించుకోవాలి కదా అని ముందుగా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మాష్టారు అది చూశాడు. ఇదన్నమాట తరువాతి మెట్టు అనుకుని తన కళ్లజోడు కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఓడాయన కుడిచేతి చొక్కా పైకి మడిచాడు. మాష్టారు కూడా, అదే వరసలో, అదే వేగంతో మడిచాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎదుటివాణ్ణి చూసి చెయ్యమని పిల్లలకు చెప్పిన మనిషి ఆయన.

టీచరుగారు ఇదేమీ సరిగ్గా గమనించలేదు. ఆయన తన వైపు చూడవలసిన సమయంలో కళ్లజోడు తీసేశారన్నది మాత్రం గమనించింది. ఆవిడ ముందున్న టీ మీద మీగడ తెట్టు కట్టింది.

సరిగ్గా అప్పుడు అల్లుడు బీపీ మెషిను పట్టుకుని గదిలోకి వచ్చాడు. మాష్టారి చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉండటం చూసి సంతోషించాడు.

"మీరు రెడీగానే ఉన్నారే. ఇలాంటి పేషెంట్లు దొరకరండీ," అని పట్టీ చుట్టి గాలి కొట్టాడు.

మాష్టారు చెయ్యి చాచి సహకరించాడు. ఈ ఇంట్లో టీ తాగడమంటే ఇంత తతంగమని ముందే తెలిస్తే పొద్దున్నే ఇంకొంచెం సాధన చేసేవాణ్ణి అనుకున్నాడు. బీపీ బాగానే ఉంది. అది అల్లుడికి కొంత నిరాశ కలిగించింది. జ్వరమేమోనని థర్మామీటరు తీసి నోరు తెరవమన్నాడు. మాష్టారు తల అడ్డంగా ఊపాడు. ఏమైందో చెప్పండి అంటే దానికీ తల ఊపాడు. పెదవులు ఇంకా బిగించాడు. బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది.

"దవడ పట్టేసింది," అన్నాడు అల్లుడు, భార్యకు మాత్రమే చెబుతున్నానన్న నమ్మకంతో, గదంతా వినేలా. "వాపు కూడా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్దాం."

కూతురు చేతిలోని కెటిల్ కింద పెట్టేసింది. ఒక్క సాయంత్రం, ఒక్క కప్పు టీ. పిలిచిన మనిషిని ఆస్పత్రికి పంపేదాకా వచ్చింది. దీనికంటే కొమ్మే నయం అనిపించింది ఆమెకు.

టీచరుగారు అన్నగారి మొహంలోకి చూసింది. ఆయన కళ్లు స్థిమితంగానే ఉన్నాయి. తనకేమీ కాలేదని చేత్తో సైగ కూడా చేశాడు. ఆవిడ నెమ్మదిగా లేచి నిలబడింది.

"అన్నయ్యకి ఏమీ కాలేదు బాబూ. ఆస్పత్రీ అదీ వద్దు. మేం బయల్దేరతాం."

ఓడాయన ఆవిడ కప్పు వైపు చూశాడు. కళ్లజోడు లేకపోయినా కనిపించింది. అంచు మీద పెదవి గుర్తు కూడా లేదు, నిండుగా ఉంది. నిండు కప్పు ఒకచోట ఇక చాలు, వెళ్లొస్తాను అని చెబుతుంది. ఇంకోచోట నన్ను అడుగు అని చెబుతుంది. ఈవిడది ఏది? తప్పుగా అడిగితే అందరి ముందూ వెర్రివాడవుతాడు. అడగకపోతే ఆవిడ గడప దాటేస్తుంది. రేవు వదిలిన ఓడ ఒడ్డు మీంచి ఎవరు చెయ్యి ఊపినా వెనక్కి తిరగదు. అది ఆయన ఓడ మీదనుంచి చాలాసార్లు చూశాడు. ఒడ్డు మీద నిలబడి చూడటం ఇదే మొదలు.

"అమ్మాయ్, నీ ఒట్టు తీసి గట్టున పెట్టేస్తున్నాను," అన్నాడు. తరువాత అటు తిరిగి, "టీచరుగారూ, మీరు కప్పు ముట్టుకోలేదు. మీ కోరికేమిటో చెప్పండి. చెప్పి తాగండి. నేను కాదనను."

టీచరుగారు మళ్లీ కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"ముందు కళ్లజోడు పెట్టుకోండి," అంది.

ఆయన పెట్టుకున్నాడు. మాష్టారు కూడా పెట్టుకున్నాడు.

"ఈ కప్పులో తాగను. ఆ దుప్పటి కింద రెండు చెవులది ఒకటి ఉందన్నారుగా, అందులో పోస్తే తాగుతాను. అది కూడా, రెండో చెవి మీరు పట్టుకుంటానంటేనే."

రెండు చెవుల సంగతి కూతురికి తెలియదు. కానీ తండ్రి మొహం చూసింది. ఆ మొహం చూశాక ఇంకెవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పరుగున వంటింట్లోకి వెళ్లి చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టింది. తరువాత డబ్బాను పళ్లెంలో బోర్లించింది. తరువాత పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"చక్కెర ఎవరు తీశారు?"

"నేనే. నీరసానికి," అన్నాడు అల్లుడు.

"అందులో బీరువా తాళంచెవి ఉందండీ."

అల్లుడు ఆలోచించడం మొదలుపెట్టాడు. అతని చూపు పళ్లెం మీంచి కెటిల్ మీదికి, కెటిల్ మీంచి బోర్లించిన కప్పు మీదికి, అక్కడినుంచి నెమ్మదిగా మాష్టారి బుగ్గ మీదికి ఎక్కింది. డ్రిల్లు మాష్టారు లేచి నిలబడ్డాడు. బీపీ పట్టీ ఒక చేతికి వేలాడుతూనే ఉంది. జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, తాళంచెవిని బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, అరచేతిలో పెట్టి ముందుకు చాచాడు.

"బావగారూ, ఇది మీదేనా?" అన్నాడు.

ఆ ఇంట్లో ఆయన నోరు విప్పి అన్న మొదటి మాట అదే. గదిలో అందరూ తాళంచెవి సంగతి ఒక క్షణం మరిచిపోయారు. టీచరుగారు తల వంచుకుంది. దీన్ని ఎంతసేపు ఉంచుకోవాలో చెల్లెలు చెప్పలేదని, తన వల్ల ఏదైనా పొరపాటు జరిగితే మన్నించమని మాష్టారు అన్నాడు. తాళంచెవి అందుకుంటూ ఓడాయన ఒక్కటే అడిగాడు.

"మరి ఆ కప్పు బోర్లా ఎందుకు పెట్టారు మాష్టారూ?"

"ఇంకా పోస్తారేమోనని."

ఓడాయన మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. ఆయన దించాక మాష్టారు కూడా దించుకున్నాడు.

దుప్పటి తీశారు. ఓడాయన పైఅర నుంచి రెండు చెవుల కప్పు దింపి చూస్తే అది ఖాళీగా లేదు. నిండా గుండీలు. తెల్లవి, గోధుమరంగువి, ఒకటి రెండు రాగివి. పొద్దున్న తుడవడానికి తీసి ఉంటే తెలిసేది, ఇవి ఇందులో ఉన్న సంగతే మరిచిపోయాను అన్నాడు ఆయన తడబడుతూ. ఆ కప్పు మొదట తెచ్చినప్పుడు కూతురి తల్లి నవ్వి, మనం ఒక్క కప్పులో తాగితే నాకేం మిగులుతుంది అందట. ఆయన చొక్కాలకు ఊడిన గుండీలన్నీ అందులో వేసి దాచేది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ కదపలేదు.

టీచరుగారు కప్పు అందుకుంది. గుండీలన్నీ తన జేబురుమాలులోకి జాగ్రత్తగా ఒంపి, నాలుగు కొసలూ కలిపి ముడి వేసింది.

"మంచివి ఏరి పెట్టారు ఆవిడ. ఇవి పనికొస్తాయి," అంది. "మీరు ఇక బ్లేడు పారేయొచ్చు."

కూతురు వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే ఉంది. తరువాత మొహం కడుక్కుని, కప్పు కడిగి, కొత్తగా కాచిన టీ పోసి తెచ్చింది. ఇద్దరూ లేచి నిలబడి చెరో చెవీ పట్టుకున్నారు. ఒకరికి వేడిగా కావాలి, ఒకరికి చల్లారి కావాలి. ఒకరికి చక్కెర కావాలి, ఒకరికి వద్దు. ఆ కప్పు ఖాళీ అవడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. వానల ప్రసక్తి రాలేదు.

టీచరుగారు ఆ ఇంటికి వచ్చాక గోడకు విశ్రాంతి దొరికింది. బీరువాకు తాళం వేయడం మానేశారు. డ్రిల్లు మాష్టారు ప్రతి ఆదివారం సాయంత్రం చెల్లెలినీ బావగారినీ చూడటానికి టీ వేళకు తప్పకుండా వచ్చేవాడు, తన గ్లాసు తనే తెచ్చుకుని.